జక్కవలు కనపడ్డాయా?

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకి పళవేర్కాడులో పడవలు ఒడ్డుకు చేరేచోట నిలబడి ఉన్నాను. చెన్నైవాళ్లు పళవేర్కాడు అంటారు, మేము పులికాట్ అంటాం, సరస్సు ఒక్కటే, చాలా భాగం ఆంధ్రలో, కింది కొస తమిళనాడులో. వలల్లోంచి దులిపేసిన చిన్న చేపల కోసం సీగల్స్ అరుచుకుంటూ తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి నాకు పది అడుగుల దూరంలో తాడు కట్టే గుంజ మీద వచ్చి వాలింది. బ్రౌన్ హెడెడ్ గల్. చలికాలమంతా దీని తల తెల్లగా ఉంటుంది, కంటి వెనక ఒక్క నల్లటి మరక తప్ప, పసిపిల్లకి దిష్టి చుక్క పెట్టినట్టు. మొన్న చూసినదానికి ఆ చుక్క విచ్చుకుని నడినెత్తి దాకా పాకింది, గొంతు దగ్గర మాత్రం ఇంకా తెలుపే. అంటే బయలుదేరే రోజు దగ్గరపడింది. ఇంకో రెండు మూడు వారాలు, అంతే.

ఆ తల పూర్తిగా మారాక ఎలా ఉంటుందో పోయిన ఏడాది చూశాను. ఏప్రిల్ చివరి వారంలో, లద్దాఖ్‌లో త్సో మొరిరి అనే సరస్సు ఒడ్డున, ఆ సరస్సు సగం గడ్డకట్టి సగం కరిగి ఉన్నప్పుడు. వచ్చినప్పటి నుంచి రాయాలి రాయాలి అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది. గుంజ మీద ఆ పక్షిని చూశాక ఇంక ఆగలేకపోయాను.

మాది సూళ్లూరుపేట. నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో నన్నూ తమ్ముణ్నీ నాయుడుపేట బస్సు ఎక్కించి, దొరవారిసత్రం దగ్గర దించి, అక్కణ్నుంచి నడిపించుకుంటూ నేలపట్టు తీసుకెళ్లేవారు. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉండేవి, పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి తినేది, అది చూసి తమ్ముడు మింగేస్తోంది మింగేస్తోంది అని ఏడ్చేవాడు. నాన్న దగ్గర బైనాక్యులర్స్ లేవు, పుస్తకం లేదు, పేర్లు మాత్రం ఉండేవి. గూడబాతు, నారాయణ పక్షి, నత్తగుల్ల కొంగ, నీటికాకి. కనపడని పక్షుల పేర్లు కూడా చెప్పేవారు, పద్యాల్లో ఉండేవి. జక్కవ అనే మాట నేను మొదట విన్నది అలా, నేలపట్టు గట్టు మీద. సంస్కృతంలో చక్రవాకం, మన తెలుగులో జక్కవ. పగలంతా జంటగా ఉంటాయట, పొద్దు గుంకితే విడిపోయి చెరో ఒడ్డునా కూర్చుని తెల్లారేదాకా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయట. "మీరు చూశారా నాన్నా?" అంటే "లేదమ్మా, చదివాను" అనేవారు.

పెళ్లయ్యాక చెన్నై వచ్చాను. పద్నాలుగేళ్లుగా మడిపాక్కంలో ఉంటున్నాం, పళ్లికరణై చిత్తడి నేల మా ఇంటి నుంచి స్కూటీ మీద పదిహేను నిమిషాలు. ఒక పక్క పెరుంగుడి చెత్త గుట్ట, మధ్యలోంచి రేడియల్ రోడ్డు, చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు. ఒకప్పటి చిత్తడిలో ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే. 2007లో అందులో కొంత రిజర్వ్ ఫారెస్ట్ అయింది, 2022లో ప్రపంచవ్యాప్తంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, ఆ రోజు నేను మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లకి మైసూర్‌పాక్ పంచాను. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పిన్‌టెయిల్ బాతులు, షావెలర్లు, గార్గనీలు అక్కడ గుంపులు గుంపులుగా దిగుతాయి. మార్చి వచ్చేసరికి వారం వారం పల్చబడతాయి. పక్షులను చూసినవాళ్లు లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నేను రాసుకున్న లెక్కలు చూసుకుంటే ఒక ఆదివారం రెండు వందల పైన, తర్వాతి ఆదివారం ఎనభై, ఆ తర్వాత పదహారు, ఆ తర్వాత సున్నా. చాలా ఏళ్లు ఆ సున్నా దగ్గరే ఆగిపోయాను. వెళ్లిపోయాయి అనుకునేదాన్ని, ఎక్కడికి అనేది పుస్తకంలో మ్యాప్ మీద గీతలా తెలుసు గానీ అక్కడ ఎలా ఉంటుందో ఊహకు కూడా అందేది కాదు.

పోయిన ఏడాది జనవరిలో తమ్ముడూ నేనూ ఎగ్మోర్‌లో నెల్లై ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరునెల్వేలి వెళ్లి, అక్కణ్నుంచి కూందన్‌కుళం అనే ఊరికి వెళ్లాం. (తమ్ముడు ఓఎంఆర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు, సెలవు దొరికితే నాతో వస్తాడు, దూరపు పక్షులను చూసే టెలిస్కోపు మోసేది వాడే.) ఆ ఊరివాళ్లు పక్షులకు భయమని దీపావళికి టపాకాయలు కాల్చరు. ఇళ్ల పెరట్లో చింత చెట్ల మీద, వేప చెట్ల మీద కొంగలూ గూడబాతులూ గూళ్లు పెడతాయి, కింద ఆడవాళ్లు అంట్లు తోముకుంటూనే ఉంటారు. ఊరి బయట పొలాల్లో బార్ హెడెడ్ గూస్ గుంపు మేస్తోంది. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి తల, వెనక అడ్డంగా రెండు నల్ల పట్టీలు. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే బాతు ఇది. మాకు ఎదురుగా చెమటలు కారే ఎండలో, గేదెల మధ్య, తీరిగ్గా గడ్డి పీక్కుంటోంది. తమ్ముడు చాలాసేపు చూసి, "అక్కా, దీన్ని అటువైపు నుంచి కూడా చూడాలే" అన్నాడు.

అదీ మొదలు. మ్యాప్ తీసి చూస్తే కూందన్‌కుళమూ త్సో మొరిరీ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి, మధ్యలో సుమారు 2,700 కిలోమీటర్లు. దక్షిణాదికి వచ్చే ఈ బాతుల్లో చాలా వాటి ఇల్లు మంగోలియా, టిబెట్ వైపు, మంగోలియాలో మెడకు తొడిగిన ప్లాస్టిక్ పట్టీలతోనే కొన్ని కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టేది మాత్రం లద్దాఖ్ సరస్సుల దగ్గరే. లద్దాఖ్ వెళ్లొచ్చినవాళ్లంతా జూన్‌లో వెళ్లమన్నారు, మంచంతా కరిగి, దారులు బాగుండి, నీళ్లు నీలంగా ఉంటాయని. నాకు ఆ నీలం నీళ్లు వద్దు. ఆ పక్షులు ఇంటికి చేరేసరికి ఇల్లు ఏ స్థితిలో ఉంటుందో అది చూడాలి. అందుకే ఏప్రిల్ చివర.

చెన్నైలో 37 డిగ్రీలు ఉన్న రోజు బయలుదేరాం. లేహ్‌లో మూడు రాత్రులు ఊరికే పడుకున్నాం, అక్కడే 3,500 మీటర్ల ఎత్తు, మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది, తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది. బయలుదేరే ముందు రాత్రి నాన్న ఫోన్ చేశారు. మందులు, స్వెట్టర్లు అన్నీ అడిగాక చివర్లో, కాస్త ఆగి, "అక్కడ జక్కవలు ఉంటాయంట కదా, పేపర్లో చదివాను. కనపడితే చెప్పు" అన్నారు.

లేహ్ నుంచి సరస్సు ఒడ్డునున్న కర్జోక్ ఊరికి రోజంతా ప్రయాణం. చాలా దూరం సింధు నది పక్కనే రోడ్డు, చుమాథాంగ్ దగ్గర ఒడ్డున వేడినీటి ఊటలు పొగలు కక్కుతుంటాయి, తర్వాత వంతెన దాటి నదిని వదిలేసి పైకి ఎక్కాలి. సాయంత్రం నాలుగున్నరకి చివరి మలుపు తిరిగాం. ఎదురుగా తెల్లటి మైదానం. మైదానం అనే అనుకున్నాను. డ్రైవర్ చెయ్యి చూపించి అదే సరస్సు అన్నాడు. ఇరవై కిలోమీటర్ల పైన పొడవున్న సరస్సు, 4,500 మీటర్ల ఎత్తులో, మూత వేసినట్టు తెల్లగా ఉంది. ఊరి దగ్గర వాగు వచ్చి కలిసేచోట మాత్రం మూత తెరుచుకుని, ఒక పెద్ద అర్ధచంద్రం అంత మేర నల్లటి నీళ్లు.

మర్నాడు పొద్దున ఐదింటికి తమ్ముడి వాచీలో మైనస్ 6. నేను మూడు స్వెట్టర్ల మీద జాకెట్టు, రెండు జతల సాక్సులు, అయినా చేతి వేళ్లు బైనాక్యులర్ చక్రం తిప్పడానికి రావడం లేదు. ఊపిరి వదిలితే ఐపీస్ మీద ఆవిరి పట్టి, అది అక్కడే గడ్డకట్టి, గోటితో గీకాల్సి వచ్చింది. ఊరు దిగి వాగు పక్కన పచ్చిక మీదుగా నడిచాం. పచ్చిక అంటే అప్పటికింకా ఎండు చాప రంగు, కాలు వేస్తే కరకరలాడుతుంది. నీళ్లకు రెండు వందల అడుగుల దూరంలోనే ఆగిపోయాం, పక్షులను లేపకూడదని. ఒక బండరాయి చాటున కూర్చుని, ఆ తర్వాత మూడు గంటలు అక్కణ్నుంచి కదల్లేదు.

మంచు మౌనంగా ఉంటుందనుకున్నాను. ఉండదు. ఎండ పడకముందు లోపల్నుంచి గుమ్‌మని ఒక శబ్దం, ఎక్కడో కొండ అవతల బండరాయి దొర్లినట్టు, అది ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుకుంటూ పోతుంది. ఎండ పడ్డాక ఇంకో శబ్దం మొదలైంది. నీళ్లకు ఆనుకుని ఉన్న అంచులో మంచు పలకలాగా లేదు, నిట్టనిలువు పుల్లలుగా విడిపోయి ఉంది, ఒక్కో పుల్ల జానెడు పొడవు, వేలంత లావు, గాజంత స్వచ్ఛం. వసంతంలో కరిగే మంచు ఇలాగే నిలువు స్ఫటికాలుగా విడిపోతుంది. గాలికి చిన్న అల వచ్చి తగిలిన ప్రతిసారీ ఆ పుల్లలన్నీ ఒకదానికొకటి తగిలి, తిరునాళ్లలో గాజులవాడు దండలు కదిపినట్టు గలగలమంటున్నాయి. తమ్ముడు ఫోన్ బయటికి తీశాడు గానీ చలికి బ్యాటరీ పడిపోయింది. ఆ శబ్దం మా ఇద్దరి చెవుల్లోనే ఉంది.

బాతులు ఆ అంచు మీదే నిలబడి ఉన్నాయి. కూందన్‌కుళం పొలాల్లో చూసిన అదే బూడిద ఒళ్లు, అవే రెండు పట్టీలు. 63 లెక్కపెట్టాను. కొన్ని నీళ్లలో, ఎక్కువ భాగం మంచు మీద, ఒంటికాలి మీద, రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకుని. వట్టి కాళ్లు. నా బూట్లలో వేళ్లు తిమ్మిరెక్కిపోతుంటే వాటి నారింజ రంగు కాళ్లనే చూస్తూ ఉండిపోయాను. ఆ కాళ్లలో కిందికి వెళ్లే వేడి రక్తపు నాళాలూ పాదాల నుంచి పైకొచ్చే చల్లటి రక్తపు నాళాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయట. కిందికి దిగే రక్తం దారిలోనే తన వేడిని పైకొచ్చే రక్తానికి అప్పగించి, చల్లబడి పాదాలకు చేరుతుంది. అందువల్ల పాదం మంచు కంటే కాస్త మాత్రమే వెచ్చగా ఉంటుంది, ఒంట్లో వేడి మంచులోకి కారిపోదు. చదివినప్పుడు పరీక్షకి చదివినట్టు చదివాను. అక్కడ కూర్చుని చూస్తుంటే మాత్రం కళ్లు చెమర్చాయి, చలికి కాదు.

ఈ బాతు గురించి అందరూ చెప్పేది ఎత్తు గురించే. 7,000 మీటర్లు దాటి ఎగిరిన రికార్డు ఉంది. దీని రక్తంలో హిమోగ్లోబిన్ పల్చటి గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. దీనికి సన్నటి ట్రాన్స్‌మిటర్లు కట్టి చూసినవాళ్లకు తెలిసిందేమిటంటే, వెనక నుంచి గాలి సాయం కోసం ఇవి కాచుకుని ఉండవు. గాలి చల్లగా చిక్కగా ఉండే రాత్రిపూట, తెల్లవారుజామున, రెక్కలు ఆడిస్తూనే ఏడెనిమిది గంటల్లో హిమాలయం ఎక్కేస్తాయి. నాకు అంతకంటే పెద్ద విషయంగా కనిపించింది అవి ఎక్కి వచ్చాక చేస్తున్న పని. ఎదురు చూడటం. ముందే రావాలి, ఎందుకంటే సరస్సులో ఉన్న దీవి చిన్నది, నక్కలూ కుక్కలూ రాలేని చోటు అదొక్కటే, ఆలస్యమైతే మంచి చోటు దొరకదు. గుడ్లు పెట్టి దాదాపు నెల పొదగాలి, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు నెలలు కావాలి, మళ్లీ చలి ముదిరేలోగా ఇదంతా అయిపోవాలి. అలాగని ఇప్పుడు తినడానికి అక్కడ ఏముంది? వాగు పక్కన ఎండు గడ్డి దుబ్బుల్లో అప్పుడే మొలుస్తున్న పచ్చటి మొనలు, అంతే. కూందన్‌కుళంలో గేదెల మధ్య తిన్న ఆ గడ్డి, ఆ గింజలు, అక్కడ ఒంట్లో కొవ్వుగా మారి, ఆ కొవ్వు మీదే ఇక్కడ ఈ రోజులు గడుస్తాయి.

దీని గురించి మళ్లీ చెప్తాను.

ఏడు గంటలకు గల్స్ వచ్చాయి. అదే పులికాట్ గల్, అదే తెల్లటి కళ్లు, కానీ తల మొత్తం ముదురు కాఫీ రంగు, గొంతు దాకా. పళవేర్కాడులో చేపల కోసం కొట్లాడుకునే పక్షి ఇక్కడ పక్కపక్కన నిలబడి, తల వంచి, ఒకదానికొకటి ఏదో చూపించుకుంటోంది. మంచు అంచున బురదలో చిన్న శాండ్ ప్లవర్ ఒకటి పరుగెత్తుతోంది, సముద్రం ఒడ్డున మట్టి రంగులో ఎవరి కంటా పడకుండా తిరిగే పిట్ట, ఇక్కడ ఛాతీ అంతా ఇటుక రంగు, కళ్లకు నల్ల పట్టీ. "అక్కా, మన ఊళ్లో ఇవన్నీ లుంగీ కట్టుకుని తిరుగుతాయి, ఇక్కడ పెళ్లిబట్టలేసుకున్నాయి" అన్నాడు తమ్ముడు. వాడి మాట అక్షరాలా నిజం.

ఎనిమిదవుతుంటే, ఎడమవైపు కొండ వాలు మీద నుంచి రెండు పక్షులు దిగాయి. దిగుతున్నప్పుడు రెక్కల్లో తెలుపు మెరిసింది, వాలి రెక్కలు ముడిచాక ఒళ్లంతా ఒకటే రంగు. నారింజ అంటే సరిపోదు. బాగా మగ్గిన తాటిపండును చీలిస్తే లోపల కనిపించే రంగు. మగదాని మెడకు సన్నటి నల్లతాడు కట్టినట్టు వలయం, ఆడదాని ముఖం పాలిపోయి తెల్లగా. ఇంగ్లిష్‌లో రడ్డీ షెల్‌డక్. బౌద్ధ భిక్షువుల బట్టల రంగు కాబట్టి ఆ వైపు వాళ్లు దీన్ని పవిత్రంగా చూస్తారు, ఎవరూ ముట్టుకోరు. నేను "జక్కవ" అని పైకే అన్నాను. ఒకటి నీళ్లు తాగుతుంటే ఇంకోటి తలెత్తి కాపలా, అది తాగాక ఇది. నడిస్తే కలిసి నడుస్తున్నాయి, మధ్య రెండడుగుల కంటే దూరం రానివ్వడం లేదు. ఆ పొద్దున మొత్తం 11 చూశాను. ఐదు జంటలు, ఒకటి ఒంటరి.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది. మేము దిగిన ఇంట్లో మధ్యగదిలో బుఖారీ పొయ్యి, పేడ పిడకలు వేస్తారు, రాత్రి అది ఆరిపోతే చలికీ ఊపిరి అందకా మెలకువ వచ్చేస్తుంది. రెండు దాటింది. లేచి కూర్చుంటే బయట ఆంగ్... ఆంగ్... అని పిలుపు. కాస్త ఆగి, చాలా దూరం నుంచి, సరస్సు అవతలి వైపు నుంచేమో, ఇంకో పిలుపు, ఇంకాస్త సన్నగా. మళ్లీ ఇటు. మళ్లీ అటు. ఇవి రాత్రిళ్లు కూడా మేస్తాయి, మేస్తూ ఎక్కడున్నావని అరుచుకుంటాయి, అంతేనని నాకు తెలుసు. కానీ ఎన్ని వందల ఏళ్ల కిందో ఒక మనిషి, ఏ నది ఒడ్డునో, ఇలాగే నిద్రపట్టక కూర్చుని, ఈ చీకట్లో, ఈ పిలుపు ఇటు నుంచీ అటు నుంచీ విని ఉంటాడు. పగలు జంటగా చూసినవి రాత్రి చెరో ఒడ్డునా ఏడుస్తున్నాయి అనుకోవడానికి ఆ పిలుపు ఒక్కటి చాలు. కవులు గాల్లోంచి పుట్టించిన కథ కాదది. కిటికీ కొద్దిగా తెరిచి, దుప్పట్లో వెచ్చబెట్టుకున్న ఫోన్ బయటికి చాపి నలభై సెకన్లు రికార్డు చేశాను.

కర్జోక్‌లో సిగ్నల్ అందలేదు. లేహ్ వచ్చాక నాన్నకు పంపించి, ఫోన్ చేశాను. అమ్మ తర్వాత చెప్పింది, టీవీ కట్టించి, ఫ్యాన్ కూడా ఆపించి, మూడుసార్లు విన్నారట. నాతో మాట్లాడేటప్పుడు గొంతు మామూలుగా లేదు. "ముప్పై నాలుగేళ్లు చెప్పాను తల్లీ పిల్లలకి. వినడం ఇవాళే" అన్నారు. తర్వాత, "తెల్లారాక కలుసుకున్నాయా?" అని అడిగారు.

"కలుసుకున్నాయి నాన్నా. పొద్దున లేచేసరికి రెండూ ఒకే చోట ఉన్నాయి."

ఇప్పుడు ఇందాక మళ్లీ చెప్తానన్న సంగతి. పేపర్లలో ప్రతి డిసెంబర్‌లో రాస్తారు, విదేశీ విహంగాలు విచ్చేశాయి, అతిథులు వచ్చారు, ఫిబ్రవరిలో అతిథులు వెళ్లిపోయారు అని. నేను కూడా చాలా ఏళ్లు అలాగే అన్నాను. ఆ రాతిచాటున కూర్చున్న మూడు గంటల తర్వాత ఆ మాట నా నోట రాలేదు. లద్దాఖ్‌లో పుట్టిన బాతు ఏ దేశానికి విదేశీ? సరే, మంగోలియాలో పుట్టిందే అనుకుందాం, ఏడాదిలో నాలుగైదు నెలలు మన చెరువులో బతికి, మన గడ్డి తిని, ఆ కండతో వెళ్లి అక్కడ గుడ్లు పెట్టేది అతిథి ఎలా అవుతుంది? దానికి రెండిళ్లు. ఒక ఇల్లు మంచు పట్టినప్పుడు ఇంకో ఇంట్లో ఉంటుంది.

ఇది ఊరికే మాట గురించిన పట్టింపు కాదు. ఈ మార్చి రెండో వారంలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చెరువు గట్టు మీద మట్టి పని మొదలుపెట్టారు. రెండు జేసీబీలు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా. చెరువులో అప్పటికి నలభై దాకా గార్గనీలు మిగిలి ఉన్నాయి. ఈ చిన్న బాతు కనుబొమ మీద మగదానికి తెల్లటి నెలవంక ఉంటుంది, ఆ గీత మెరుస్తోందంటే ప్రయాణానికి సిద్ధమవుతోందని. జేసీబీ చప్పుడుకి లేచి ఒక చుట్టు కొట్టి దిగడం, దిగిన పది నిమిషాలకు మళ్లీ లేవడం. తిన్నదంతా ఆ చుట్లకే ఖర్చయిపోతుంది. పని చూస్తున్న ఆయన దగ్గరికి వెళ్లి, రెండు మూడు వారాలు ఆగి చేసుకోవచ్చు కదా, లేదా అటు చివర నుంచి మొదలుపెట్టొచ్చు కదా అని అడిగాను. ఆయన మర్యాదగానే, తమిళంలో, "పక్షుల సీజన్ అయిపోయింది కదమ్మా, అందుకే ఇప్పుడు పెట్టుకున్నాం" అన్నాడు. ఆయన మాటలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. చూడటానికి వచ్చే జనం సీజన్ అయిపోయింది, నిజమే. ఆ నలభై బాతులకు మాత్రం ఏడాది మొత్తంలో ముఖ్యమైన వారాలు అవే. ఇక్కడ ఈ నెలలో కడుపు నిండితే ఒక చోట గుడ్లు, నిండకపోతే దారిలో ఎక్కడో ఆగిపోవడం. డిసెంబర్‌లో ఒక బాతును లేపితే అది ఇంకో మూలకు వెళ్లి తింటుంది, దానికింకా మూడు నెలల టైముంది. మార్చిలో లేపితే దానికి టైము లేదు.

ఆ సాయంత్రం ఫోన్లో త్సో మొరిరి ఫోటోలు చూపించాను ఆయనకి. మంచు మీద ఒంటికాలితో నిలబడ్డ బాతుల ఫోటో దగ్గర చాలాసేపు ఆగాడు. వేళ్లతో పెద్దది చేసి కాళ్లు చూశాడు. మర్నాడు వెళ్తే ఒక జేసీబీ అవతలి చివర్లో పనిచేస్తోంది, రెండోది ఆపి ఉంది. అది నా మాట వల్లో డీజిల్ అయిపోవడం వల్లో అడగలేదు. తొమ్మిది రోజులు అలాగే ఉంది, ఆ తొమ్మిది రోజుల్లో గార్గనీలు నలభై నుంచి ఇరవై రెండు, ఇరవై రెండు నుంచి ఏడు అయ్యాయి. అంటే బయలుదేరాయి.

పళవేర్కాడు నుంచి వచ్చాక, నిన్న రాత్రి, కర్జోక్‌లో మేము దిగిన ఇంటావిడకి ఫోన్ చేశాను. చలికాలం ఆవిడ లేహ్‌లో కొడుకు దగ్గర ఉంటుంది, మొన్ననే ఊరికి వెళ్లొచ్చిందట. ఆవిడకీ నాకూ వచ్చిన హిందీ సరిగ్గా ఒకే పాటిది, అందుకే బాగా అర్థమవుతుంది. నీళ్లు తెరుచుకున్నాయా అని అడిగాను. ఇంకా లేదు, వాగు దగ్గర ఒక ఇల్లంత మేర మాత్రం కరిగింది అంది. పక్షులు? కాసేపు ఆలోచించి, జక్కవలు మాత్రం ఒక జంట వచ్చింది అంది. ఆవిడ జక్కవ అనలేదు, ఆవిడ భాషలో ఏదో పేరు చెప్పింది, నాకు ఆ రంగు గుర్తు చేయడానికి వాళ్ల గొంపా (బౌద్ధ మఠం) లామాల బట్టలు అంది. గల్స్ ఇంకా రాలేదట.

ఇంకా ఇక్కడే ఉన్నాయి అని చెప్పాను.

నాన్నకు పొద్దునే చెప్పాను ఒక జంట చేరిందని. ఈసారి ఏప్రిల్‌కి తనూ లేహ్ దాకా వస్తానంటున్నారు, అంత ఎత్తుకి డాక్టర్ ఒప్పుకోవాలి, బుధవారం చూపించాలి. వచ్చే ఆదివారం మళ్లీ పళవేర్కాడు వెళ్తున్నాను, ఆ గుంజ దగ్గరికి.